మంత్రికి కాదు, రికార్డుకి రాయండి: టొరంటో సైకిల్ లేన్ల కేసు

ముందే ఒక మాట, నేను ఇక్కడ ఎక్కడా "బైక్ లేన్" అని రాయను. 2024 అక్టోబర్‌లో ఖమ్మంలో మా బాబాయికి ఫోన్ చేసి "ఇక్కడ బైక్ లేన్లు పీకేస్తామంటున్నారు, సాయంత్రాలన్నీ ఆ గొడవలోనే పోతున్నాయి" అంటే ఆయన "బళ్లకి వేరే లేను ఎందుకురా, తీసేస్తే మంచిదేగా" అన్నాడు. ఆయన అనుకున్నది మోటార్ సైకిళ్ల గురించి. పది నిమిషాలు మాట్లాడాక గానీ మేం ఇద్దరం వేర్వేరు బళ్ల గురించి మాట్లాడుతున్నామని తెలియలేదు. కాబట్టి సైకిల్ లేన్ అనే రాస్తాను.

నేను టొరంటోలో ట్రాన్స్‌పోర్ట్ ప్లానర్‌ని. పగలు ఉద్యోగం. ఊళ్లో ఉన్న సైకిల్ లేన్లు తీసేయాలని పై ప్రభుత్వం చట్టం చేస్తే దాన్ని ఆపే ఈ వ్యవహారంలో రాత్రి పూట, వారాంతాల్లో, టొరంటోకి పడమటి వైపున్న ఎటోబికోలో మా ఏరియా వాళ్లతో కలిసి వాలంటీర్‌గా పనిచేశాను. కోర్టులో కేసు వేసింది మేం కాదు, దాన్ని నడిపింది సైకిల్ టొరంటో అనే సంస్థ, ఇద్దరు సైక్లిస్టులు, వాళ్ల తరఫున ఈకోజస్టిస్ అనే పర్యావరణ న్యాయ సంస్థ లాయర్లు. మాది గల్లీ స్థాయి పని. తీర్పు వచ్చాక హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి ఇద్దరు ముగ్గురు మిత్రులు "కోర్టు సైకిల్ లేన్లు కాపాడిందంట కదా, ఎట్లా?" అని అడిగారు. వాళ్లకోసం ఇది.

లేన్ల కథ

ఒంటారియో అనేది ఇక్కడ ప్రావిన్స్, అంటే మన రాష్ట్రం లాంటిది. ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి అనుకోండి. టొరంటో దాని రాజధాని, దానికి వేరే మేయర్, వేరే కౌన్సిల్. రోడ్డు మీద గీత ఎక్కడ గీయాలన్నది ఎప్పుడూ సిటీ పనే, ప్రావిన్స్ పట్టించుకునేది కాదు.

బ్లూర్ స్ట్రీట్ మీద 2016లో ఒక ముక్కలో ట్రయల్‌గా సైకిల్ లేన్ వేశారు. సిటీ లెక్కలు తీస్తే సైకిళ్లు 49 శాతం పెరిగాయి, కార్లకు మొదట్లో ఆలస్యం బాగానే అయింది, సిగ్నళ్లు సరిచేశాక తగ్గింది, షాపుల్లో ఖర్చుపెట్టేవాళ్లు తగ్గలేదు, పైగా పెరిగారు. 2017 నవంబర్‌లో కౌన్సిల్ 36-6 ఓట్లతో దాన్ని శాశ్వతం చేసింది. 36-6 అంటే రెండు పక్షాల వాళ్లూ వేశారన్నమాట, అది గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత కోవిడ్‌లో, 2020లో, యూనివర్సిటీ అవెన్యూ మీద వేశారు. పెద్దాసుపత్రులన్నీ వరుసగా ఉండే రోడ్డు అది. 2021లో యాంగ్ స్ట్రీట్ మీద కొంత దూరం. ఇంతవరకు గొడవలున్నా అవి సిటీ లోపలి గొడవలే.

అసలు తంటా 2023, 24లలో బ్లూర్ లేన్ పడమటికి, ఎటోబికోలోకి వచ్చినప్పుడు మొదలైంది. మా వైపు డౌన్‌టౌన్ లాంటిది కాదు, ఇంటికి రెండు కార్లు మామూలు, మెట్రో స్టేషన్ ఉన్నా కారు లేకుండా పాలు తెచ్చుకోవాలన్నా కష్టమే అనుకునే జనం. ప్రీమియర్ డగ్ ఫోర్డ్ ఊరు కూడా ఇదే. ఆయన తమ్ముడు రాబ్ ఫోర్డ్ మేయర్‌గా ఉన్నప్పుడు 2012లో జార్విస్ స్ట్రీట్ మీద సైకిల్ లేన్లు తీయించాడు, వేసి రెండేళ్లే అయింది అప్పటికి. గీతలు చెరిపే బండి ముందు జనం కూర్చుండిపోయారు, వాళ్లని లేపి చెరిపేశారు. అంటే ఈ ఇంట్లో ఇది పాత పంచాయితీ.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. జామ్ నిజం. 2024 వసంతం నుంచి గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వే మరమ్మతు కోసం అటొకటి ఇటొకటి లేన్ మూసేశారు, ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్ టవర్లు కడుతూ రోడ్డు పక్క లేన్‌ను కంచె వేసి వాడుకుంటున్నారు, ఎగ్లింటన్ మీద రైలు పని ఏళ్ల తరబడి సాగింది. వీటన్నిటి ఫలితం డ్రైవర్‌కి ఒకటే కనిపిస్తుంది: తను ఆగి ఉన్నాడు, పక్కన సైకిల్ లేన్ ఖాళీగా ఉంది. ఖాళీగా ఎందుకు కనిపిస్తుందంటే సైకిళ్లు జామ్ అవ్వవు, వచ్చినవి వచ్చినట్టు పోతాయి. ఈ ఒక్క ముక్క వివరించడానికే మాకు నెల పట్టింది.

బిల్లు

2024 అక్టోబర్ 21న బిల్ 212 పెట్టారు. పేరులోనే జామ్ తగ్గిస్తాం, మీ టైం ఆదా చేస్తాం అని ఉంది. కార్ల లేన్ తగ్గించి సైకిల్ లేన్ వేయాలంటే ఇకనుంచి ఏ ఊరైనా ప్రావిన్స్ అనుమతి అడగాలి, ఇదీ మొదటి రూపం. తర్వాత సవరణల్లో ఇంకా ముదిరింది: బ్లూర్, యాంగ్, యూనివర్సిటీ మీద ఉన్నవి తీసేయాలని చట్టంలోనే పేర్లతో సహా రాశారు. ఆపైన, తీసేసిన చోట ఎవరైనా దెబ్బతిన్నా చనిపోయినా ప్రావిన్స్ మీద దావా వేయకూడదని ఇంకో క్లాజు. నవంబర్ 25కల్లా చట్టం అయిపోయింది. మొత్తం ఐదు వారాలు. అదే బిల్లులో కొత్తగా కట్టాలనుకుంటున్న హైవే 413కి పర్యావరణ మదింపు నుంచి మినహాయింపు కూడా దూర్చారు, దాంతో అభ్యంతరం చెప్పేవాళ్లు రెండు ముక్కలయ్యారు, హైవే మీద పోరాడేవాళ్లకి సైకిళ్లు చిన్న విషయం, మాకు హైవే మోయలేనంత పెద్దది. ఇది కావాలని చేశారని నేననను, కానీ పనిచేసింది.

ఆ దావా క్లాజు మాత్రం వాళ్లు చేసిన పెద్ద పొరపాటు అని నా అభిప్రాయం. అంతవరకు "ఇది సేఫ్టీకి సంబంధం లేదు, ట్రాఫిక్ సంగతి" అంటున్నవాళ్లు, ప్రాణం పోతే మమ్మల్ని అడగొద్దు అని చట్టంలో రాసుకున్నారు. మా వీధిలో సైకిల్ ఎక్కని ఒక పెద్దావిడ ఆ క్లాజు చదివి "ఇదేంటండీ, ముందే చేతులు దులుపుకుంటున్నారా" అంది. మేం నెల రోజులు చెప్పలేనిది ఆమెకి ఒక పేరా చెప్పింది. అదీ గాక ఆ ఏడాది టొరంటోలో ఆరుగురు సైక్లిస్టులు చనిపోయారు. జూలైలో బ్లూర్ మీదే, నిర్మాణ చెత్త వేసే డబ్బా సైకిల్ లేన్‌కి అడ్డంగా పెట్టి ఉంటే, దాన్ని తప్పించుకోబోయి పక్క లేన్‌లోకి వచ్చిన 24 ఏళ్ల అమ్మాయిని ట్రక్కు గుద్దింది. లేన్ లేకపోతే ఏమవుతుందో ఊహించుకోవాల్సిన పని లేదు, ఒక డబ్బా ఉన్నంత దూరం లేన్ లేకపోయింది, అంతే.

మేం మొదట చేసిన తప్పు

పబ్లిక్ అభిప్రాయాలు పంపడానికి 30 రోజులు ఇచ్చారు. మేం టెన్షన్‌లో ఏం చేశామంటే, అందరూ చేసేదే, ఒక మంచి ఉత్తరం రాసి, కింద పేరు మార్చుకుని పంపండి అని పంచేశాం. మొదటి వారం అట్లా పోయింది. నా ఉద్యోగంలో అవతలి వైపు కూర్చున్నవాణ్ని నేను, ఒకే ఉత్తరం మూడు వందలసార్లు వస్తే దాన్ని ఒకే అభిప్రాయంగా లెక్కగట్టి, పక్కన "300" అని రాసి పెడతామని నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను, ఎందుకంటే పంపితే ఏదో చేసినట్టు ఉంటుంది.

రెండో వారం పద్ధతి మార్చాం. ఉత్తరం లేదు, ఐదు ప్రశ్నలు మాత్రమే. నువ్వు ఏ చోటి నుంచి ఏ చోటికి వెళ్తావు, ఏ టైంకి, ఆ లేన్ లేకపోతే ఏ రోడ్డు మీద పోతావు, అక్కడ ఇంతకుముందు ఏదన్నా జరిగిందా, సైకిల్ మానేస్తే ఎట్లా వెళ్తావు. చివరి ప్రశ్న ముఖ్యం, ఎందుకంటే ఎక్కువమంది జవాబు "కారు". అంటే లేన్ తీసేస్తే రోడ్డు మీద కార్లు పెరుగుతాయన్నది సిద్ధాంతంగా కాకుండా మనుషుల నోటి మాటగా రికార్డులోకి పోతుంది.

ఇక్కడే ఈ కేసులో నాకు ముఖ్యమనిపించిన సంగతి. ఆ ఉత్తరాలు చదివి మంత్రి మనసు మారుతుందని మాలో ఎవరికీ ఆశ లేదు. బిల్లు పాసవుతుంది, మెజారిటీ ఉంది. మరి ఎందుకు రాయడం అంటే, రేపు ఎప్పుడో ఎవరో ఒక జడ్జి "ఈ ప్రమాదం సంగతి ప్రభుత్వానికి ముందే తెలుసా?" అని అడిగే రోజు వస్తే, తెలుసు, ఫలానా తేదీన చెప్పారు అని ఉండాలి. మంత్రికి రాస్తున్నట్టు రాస్తే ఉత్తరంలో కోపం ఉంటుంది. రికార్డుకి రాస్తున్నట్టు రాస్తే తేదీ, టైం, చౌరస్తా పేరు ఉంటాయి. ఈ తేడా జనానికి చెప్పడం కష్టం, కోపం అణుచుకోమంటే నామీదే కోప్పడ్డారు.

అంకెల గొడవ

ప్రభుత్వం తరఫున తిరిగిన అంకె ఒకటుంది: పనికి సైకిల్ మీద వెళ్లేది 1.2 శాతమేనని. ఇది ఎక్కడిదా అని చూస్తే 2011 నాటిది, అదీ టొరంటో ఒక్కదానిది కాదు, చుట్టుపక్కల శివార్లన్నీ కలిపిన మహానగర ప్రాంతానిది. హయత్‌నగర్ అవతలి ఊళ్లు కూడా కలిపి లెక్కేసి, అబిడ్స్‌లో నడిచేవాళ్లు లేరని చెప్పినట్టు. 2023లో ఇక్కడి అద్దె సైకిళ్ల మీదే 57 లక్షల ట్రిప్పులు జరిగాయి. కానీ నేను ఆ అంకెతో కొట్లాడటం కంటే దాని వెనక ప్రశ్న చూడమంటాను. ఇక్కడి జనాభా లెక్కల్లో అడిగేది "పనికి ఎట్లా వెళ్తావు" అని. కాలేజీకి వెళ్లేది లెక్కలో ఉండదు. మరి సైకిలే పని అయినవాడి సంగతి?

ఆ ఒక్క ప్రశ్న మమ్మల్ని డెలివరీ పిల్లల దగ్గరికి తీసుకెళ్లింది. డౌన్‌టౌన్‌లో భోజనం డబ్బాల సంచి వీపుకి కట్టుకుని ఎలక్ట్రిక్ సైకిల్ మీద తిరిగేవాళ్లలో మన పిల్లలు చాలామంది, పంజాబీ, గుజరాతీ, తెలుగు, చదువుకోవడానికి వచ్చినవాళ్లు. ఒక నవంబర్ సాయంత్రం, ఐదింటికే చీకటి పడే రోజులు, యూనివర్సిటీ అవెన్యూ దగ్గర గుంటూరు అబ్బాయి ఒకడు కలిశాడు. ఐదు ప్రశ్నలు అడిగితే నాలుగింటికి టకటకా చెప్పాడు, ఏ సిగ్నల్ దగ్గర ట్యాక్సీ తలుపు తెరుచుకుంటుందో, ఎక్కడ మంచు నల్లగా గడ్డకడుతుందో, ఏ ఆసుపత్రి గేటు దగ్గర నర్సులు రాత్రి పదకొండింటికి ఆర్డర్ పెడతారో. మా ప్లానర్ల దగ్గర అంత వివరమైన మ్యాప్ లేదు. పేరు రాయమంటే మాత్రం ఆగాడు.

"అన్నా, పేరు రాస్తే పర్మిట్‌కి ఏమన్నా అవుద్దా?"

"ఏం కాదు తమ్ముడూ, అభిప్రాయం చెప్పడం నేరం కాదు ఇక్కడ."

"నువ్వు పౌరసత్వం ఉన్నోడివి కాబట్టి నీకట్లా ఉంటది."

నా దగ్గర జవాబు లేదు. పేరు లేకుండా రాసుకున్నాను. ఈ ప్రచారంలో మేం అన్నిటికంటే ఘోరంగా చేసిన పని ఇదే: ఆ లేన్ల మీద రోజుకి పది గంటలు బతికేవాళ్లు రికార్డులో దాదాపు లేరు, శని ఆదివారాలు హెల్మెట్ పెట్టుకుని తిరిగే నాలాంటివాళ్లు నిండా ఉన్నారు. అవతలివాళ్లు "ఇది డౌన్‌టౌన్ ఉన్నోళ్ల సరదా" అంటే మాకు కోపం వచ్చింది గానీ, ఆ మాట అనడానికి వాళ్లకి చోటిచ్చింది మేమే.

అవతలి పక్షం

మా ఎదురింటాయన నెల్లూరు వైపు మనిషి, రిటైర్ అయ్యారు, భార్యని వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. "మీ సైకిళ్ల వల్ల అంబులెన్స్ కూడా పోలేదండీ బాబూ" అనేవారు. ఇది చాలామంది నమ్మారు. అగ్నిమాపక శాఖ అధిపతి స్వయంగా కౌన్సిల్‌కి వచ్చి, ఈ లేన్ల వల్ల తమ బళ్లు చేరే టైం పెరిగిందనడానికి ఆధారం లేదని చెప్పారు. ఆ మాట నేను చెబితే ఆయన వినలేదు, ఫైర్ వాళ్లు చెప్పారన్నాక కొంచెం ఆలోచించారు. అయినా ఒప్పుకోలేదనుకోండి. ఆయన ఆలస్యం నిజమే, ఆయన బాధ నిజమే, కారణమే తేడా. అట్లాంటివాళ్లని "కారు పిచ్చోళ్లు" అని ఎగతాళి చేసిన మావాళ్లతో నాకు రెండుసార్లు పేచీ అయింది.

ఖర్చు లెక్క ఒకటి మాత్రం ఆయన దగ్గర కూడా పనిచేసింది. సిటీ ఉద్యోగుల నివేదిక ప్రకారం ఆ మూడు రోడ్ల మీద లేన్లు వేయడానికి అయింది 2.7 కోట్ల డాలర్లు, తీయడానికి 4.8 కోట్లు. ప్రీమియర్ ఆ అంకెని ఒప్పుకోలేదు. నెల్లూరాయన మాత్రం "కట్టినదానికంటే కూలగొట్టడానికి ఎక్కువా, ఎవరి సొమ్మది" అన్నారు.

కోర్టు

చాలామంది నన్ను అడిగేది, సిటీయే ఎందుకు కేసు వేయలేదు, రోడ్డు సిటీది కదా అని. ఇక్కడ రాజ్యాంగం ప్రకారం మున్సిపాలిటీ ప్రావిన్స్ సృష్టి, దానికి సొంతంగా నిలబడే హక్కు లేదు. 2018లో ఇదే ప్రీమియర్ ఎన్నికలు నడుస్తుండగా టొరంటో కౌన్సిల్‌ని 47 సీట్ల నుంచి 25కి కుదించాడు. సుప్రీంకోర్టు దాకా పోతే 2021లో 5-4తో చెల్లుతుందని తేలింది. కాబట్టి "మా ఊరి రోడ్డు మా ఇష్టం" అనే వాదన ఎప్పుడో మూసుకుపోయిన తలుపు. మాలో సగంమంది ఆ తలుపునే తడుతూ కూర్చున్నారు, మీటింగ్ మీటింగ్‌కీ స్థానిక ప్రజాస్వామ్యం అంటూ. లాయర్లు దాన్ని ముట్టుకోలేదు. వాళ్లు పట్టుకున్నది చార్టర్‌లో, అంటే ఇక్కడి రాజ్యాంగంలో హక్కుల భాగంలో, సెక్షన్ 7: ప్రాణం, స్వేచ్ఛ, వ్యక్తి భద్రత. మన ఆర్టికల్ 21కి చుట్టం అనుకోవచ్చు. సైకిల్ లేన్ నా హక్కు అని కాదు వాళ్ల వాదన. ఉన్న రక్షణని ప్రభుత్వం తన చేత్తో తీసేసి నన్ను ప్రమాదంలోకి నెడుతోంది, దానివల్ల తను చెప్పిన లాభం కూడా రాదు అని. ఈ రెండో సగంలోనే కేసంతా ఉంది.

2024 డిసెంబర్‌లో వేశారు. మధ్యలో 2025 ఫిబ్రవరి 27న ఎన్నికలొచ్చాయి, ఫోర్డ్ మూడోసారి మెజారిటీతో గెలిచాడు. ఆ రాత్రి మా గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు. మార్చిలో స్టే అడిగితే దొరకలేదు. ఏప్రిల్ 22న జస్టిస్ పాల్ షాబస్ స్టే ఇచ్చారు, తీర్పు వచ్చేదాకా ఎవరూ గీత చెరపొద్దని. జూలై 30న తీర్పు: ఆ లేన్లు తీయించడం సెక్షన్ 7కి విరుద్ధం.

తీర్పు చదివితే ప్రభుత్వాన్ని దెబ్బకొట్టింది సైక్లిస్టుల ఆవేదన కాదు, ప్రభుత్వ సొంత కాగితాలే. లేన్లు తీసినా జామ్ తగ్గకపోవచ్చని వాళ్ల అధికారులు, వాళ్లు పెట్టుకున్న నిపుణులు ముందే చెప్పారు, ప్రమాదాలు పెరుగుతాయని కూడా చెప్పారు. అవన్నీ కేసులో బయటికొచ్చాయి. లాభం లేదని తెలిసి, నష్టం ఉందని తెలిసి చేసే పని ఏకపక్షం అవుతుంది, అక్కడ చట్టం నిలబడలేదు. సైకిల్ లేన్ కోరే హక్కు ఎవరికైనా ఉందని జడ్జి అనలేదు. ఇది హైదరాబాద్ మిత్రులు రెండుసార్లు చదవాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ ఉంది, బాగుంది, కానీ అది పొద్దున్నే కారులో సైకిల్ పెట్టుకుని వెళ్లి తొక్కొచ్చే ట్రాక్. దానివల్ల ఏ కారు లేనూ తగ్గలేదు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు. అమీర్‌పేట రోడ్డులో ఒక లేన్ తీసుకుని చూడండి, అప్పుడు మొదలవుతుంది మన బ్లూర్.

తర్వాత

గెలిచామని అక్కడ ఆపేస్తే అబద్ధం అవుతుంది. ప్రభుత్వం అప్పీల్‌కి వెళ్లింది. దానికంటే ముఖ్యం, 2025 అక్టోబర్‌లో బిల్ 60 తెచ్చారు, నవంబర్‌లో చట్టమైంది. ఇకమీదట కార్ల లేన్ తగ్గించి కొత్త సైకిల్ లేన్ వేయడమే కుదరదు, అనుమతి అడిగే ప్రసక్తే లేదు. ఉన్నది తీస్తే కోర్టు ఆపింది, సరే, అసలు పుట్టకుండా చేస్తే? పుట్టనిదాన్ని తీసేశారని ఎవరు కేసు వేస్తారు? బిల్ 212 కంటే ఇది తెలివైన చట్టం, చప్పుడు కూడా తక్కువ. మొదటిదానికి అక్టోబర్ చలిలో వందల మంది సైకిళ్లమీద క్వీన్స్ పార్క్ అసెంబ్లీ దాకా ఊరేగింపుగా వెళ్లారు, రెండోదానికి మా గ్రూపులో మీటింగ్ పెడితే తొమ్మిది మంది వచ్చారు, అందులో ఇద్దరు టీ తాగి వెళ్లిపోయారు. అలసిపోయారు, నేను తప్పుపట్టను, నేనూ అంతే.

ఇప్పుడు మేం చేస్తున్నది చిన్న పని. ఎటోబికోలో ఒక రోడ్డు ఉంది, దానిమీద సైకిల్ లేన్ లేదు, ఎవరూ వేస్తామనలేదు, కొత్త చట్టం ఉండగా వేయరు కూడా. నెలకి ఒక మంగళవారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ముగ్గురం అక్కడ నిలబడి, పోయే సైకిళ్లు, సంచి ఉన్నవి విడిగా, ఫుట్‌పాత్ ఎక్కినవి విడిగా, కారు తగలబోయి తప్పినవి టైంతో సహా రాసుకుంటున్నాం. రాసి, తేదీ వేసి, కౌన్సిలర్ ఆఫీసుకి ఒక కాపీ, మంత్రిత్వ శాఖకి ఒక కాపీ పంపుతున్నాం. అందిందని జవాబు వస్తుంది, అంతకుమించి రాదు. ఆ జవాబుని కూడా ఫైల్లో పెడుతున్నాం.